ఆఫీసుకు వెళ్లే తల్లులు: పాలు తీయడం, దాచడం, పట్టడం (బెంగళూరు)

వైట్‌ఫీల్డ్_బాలింత
వచ్చే నెల నుంచి ఆఫీసు. అప్పటికి పాపకు నాలుగున్నర నెలలు నిండుతాయి. ఆఫీసు బెళ్లందూరు వైపు, ఔటర్ రింగ్ రోడ్డు మీద. క్యాబ్ ప్రయాణంతో కలిపి తొమ్మిదిన్నర గంటలు ఇంటికి దూరం. ఎలక్ట్రిక్ డబుల్ పంపు ఉంది. పాపకు పాలిచ్చాక పంపు పెడితే రెండు వైపులా కలిపి 40 మి.లీ. వస్తోంది. ఇంట్లో సింగిల్ డోర్ ఫ్రిజ్. పాపను అత్తయ్య చూసుకుంటారు. ఈ 40 తక్కువా? మొత్తం ఎన్ని మి.లీ. దాచుకుని ఆఫీసుకు వెళ్లాలి?

నర్సక్క
40 తక్కువ కాదమ్మా. పాప తాగాక మిగిలిందే పంపులోకి వస్తుంది. ఆ మిగులు 15 నుంచి 60 మి.లీ. దాకా ఉండటం మామూలే. పాప తాగే వేళకు పాలివ్వకుండా పంపు పెడితే రెండు వైపులా కలిపి 60 నుంచి 120 వస్తాయి. అంతేగానీ సీసాలో పడ్డ కొలత చూసి ఒంట్లో పాలు లేవనుకోవద్దు. పాలు చాలుతున్నాయో లేదో పాప బరువు చెబుతుంది, రోజుకు తడిసే డైపర్లు ఆరు, అంతకు పైన ఉన్నాయా అన్నది చెబుతుంది.

ఇక లెక్క. నెల దాటినప్పటి నుంచి ఆరు నెలల దాకా తల్లిపాలు తాగే బిడ్డ రోజు మొత్తం మీద సగటున 750 మి.లీ. ప్రాంతంలో తాగుతుంది. డబ్బా పాలకు రాసినట్టు నెలనెలా పెంచుకుంటూ పోనక్కర్లేదు. మీరు దూరంగా ఉండే ప్రతి గంటకూ 30 నుంచి 45 మి.లీ. వేసుకోండి. తొమ్మిదిన్నర గంటలకు 300 నుంచి 400. ఇంటి నుంచి బయల్దేరే ముందు ఒకసారి, తిరిగొచ్చిన వెంటనే ఒకసారి నేరుగా పాలిస్తే 90 చొప్పున నాలుగు సీసాలతో రోజు గడుస్తుంది.

పాలపిట్ట
నర్సక్క లెక్కకు నాదొక మాట. మొదటి రోజుకు ఆ 400 ఉంటే చాలు. మొదటి రోజు ఆఫీసులో తీసినవి రెండో రోజు పాపకు పడతాయి, రెండో రోజువి మూడో రోజుకు. అంటే ఎప్పుడూ ఒక్క రోజు ముందుంటే సరిపోతుంది. పాలు ఒలికిపోయినా, క్యాబ్ ఆలస్యమైనా పనికొచ్చేందుకు ఇంకో 400 ఫ్రీజర్‌లో పెట్టుకోండి. మొత్తం 800.

ఫ్రీజర్ నిండా ప్యాకెట్లు పేర్చిన ఫొటోలు చూసి కంగారు పడకండి. అంత నిల్వ కోసం అదనంగా పంపు చేస్తూ పోతే ఒళ్లు కవల పిల్లలకు సరిపడా పాలు తయారు చేయడం మొదలుపెడుతుంది. తర్వాత ఒక్క పూట పంపు తప్పినా రొమ్ము రాయిలా బిగుసుకుంటుంది. ఆఫీసులో మీటింగు గంట సాగిందంటే నరకం.

ఆ 800 కూడబెట్టడానికి రెండు మూడు వారాలు చాలు. తెల్లవారుజామున పాలు ఎక్కువగా ఉంటాయి. మొదటి ఫీడ్ అయిన అరగంటకో ముప్పావు గంటకో పది పదిహేను నిమిషాలు పంపు పెట్టండి. రోజుకు అదొక్కసారే. 40 చొప్పున ఇరవై రోజులకు 800.

కడపక్క
నాకూ ఒక సందేహం ఉండాది. పంపు పెట్టిన కొద్దిసేపటికే చనుమొన మంట పుడతాది, చివర తెల్లబడతాది. సక్షన్ తగ్గిస్తే పాలు రావు. పంపుతో పాటు వచ్చిన, రొమ్ముకు ఆనించే 24 మి.మీ. గరాటే వాడతాండా. పంపు మార్చాలనా?

ఉగ్గుగిన్నె
పంపు మార్చకండక్కా, ముందు గరాటు కొలత చూడండి. డబ్బాలో 24 వస్తుంది, కొన్నిటికి 28 కూడా వస్తుంది. చాలామందికి కావాల్సింది మాత్రం 17, 19, 21.

కొలిచే పద్ధతి ఇది. పాలిచ్చే ముందు, పంపు పెట్టక ముందు కొలవాలి, తర్వాతైతే ఉబ్బి ఉంటుంది. చుట్టూ ఉండే నల్ల భాగాన్ని కలపకుండా చనుమొన ఒక్కటే అడుగున అడ్డంగా ఎన్ని మి.మీ. ఉందో స్కేలుతో చూడండి. పిల్లల జామెట్రీ బాక్సులో గుండ్రటి రంధ్రాల స్టెన్సిల్ ఉంటే ఇంకా తేలిక. ఆ కొలత మీద 0 నుంచి 3 మి.మీ. కలిపితే మీ గరాటు సైజు. కుడికీ ఎడమకీ తేడా ఉండొచ్చు, రెండూ కొలవండి.

సరిపోయిందో లేదో పంపు నడిచేటప్పుడు చూసి తెలుసుకోవాలి. చనుమొన గొట్టంలో అటూ ఇటూ తగలకుండా ముందుకీ వెనక్కీ కదలాలి. నల్ల భాగం కూడా లోపలికి పోతోందంటే గరాటు పెద్దది. అప్పుడు ఒత్తిడి పాలున్న చోట పడదు, చర్మం వాచి నొప్పి పుడుతుంది. చనుమొన గోడకు ఒరుసుకుని తెల్లబడితే చిన్నది. మీకు 24 పెద్దదై నల్ల భాగం లోపలికి పోవడం వల్లే వాచి తెల్లబడుతోందేమో చూడండి. గరాటు మొత్తం కొనక్కర్లేదు, లోపల దూర్చే సిలికాన్ ఇన్సర్టులు 13 నుంచి 21 దాకా దొరుకుతాయి. అంచు పూర్తిగా ఆనేలా నొక్కి పెట్టాలి, కాస్త లేచినా గాలి దూరి సక్షన్ పోతుంది.

సక్షన్ ఎంత పెడితే అన్ని పాలు వస్తాయన్నది తప్పు. నొప్పి పుడితే చేపు, అంటే పాలు ధారగా దిగడం, ఆగిపోతుంది. ఒక్కో నంబరూ పెంచుతూ పోయి, ఇబ్బంది మొదలైన చోట ఒక నంబరు తగ్గించండి. మీకు అదే గరిష్ఠం.

వైట్‌ఫీల్డ్_బాలింత
పంపులో రెండు రకాల బటన్లున్నాయి, ఒకటి గబగబా లాగుతుంది, ఇంకొకటి మెల్లగా. ఎప్పుడు ఏది?

ఉగ్గుగిన్నె
బిడ్డ రొమ్ము పట్టగానే గబగబా చిన్న చిన్న గుక్కలు లాగుతుంది, చేపు వచ్చాక నింపాదిగా మింగుతుంది. బటన్లు దానికి నకలు. మొదట వేగం ఎక్కువ, సక్షన్ తక్కువ. ఒకటి రెండు నిమిషాల్లో చుక్కలు ధారగా మారతాయి. అప్పుడు మెల్లగా లాగే బటన్‌కు మార్చి సక్షన్ కొంచెం పెంచండి. అయిదారు నిమిషాలకు ధార మళ్లీ చుక్కలవుతుంది. చాలామంది అక్కడే ఆపేస్తారు. ఆపకండి. మళ్లీ గబగబా బటన్ నొక్కితే రెండో చేపు వస్తుంది. మొత్తం 15, 20 నిమిషాలు. చివర పంపు తీసేసి రెండు నిమిషాలు చేత్తో పిండితే అడుగున చిక్కటి పాలు, కొవ్వు ఎక్కువున్నవి, అప్పుడు వస్తాయి.

చేత్తో పిండటం: బొటనవేలు పైన, చూపుడు వేలు కింద, చనుమొనకు రెండు మూడు సెం.మీ. వెనక. ముందు ఛాతీ వైపు నొక్కాలి, తర్వాత వేళ్లు దగ్గరికి తేవాలి, వదలాలి. వేళ్లు చర్మం మీద జారకూడదు. చనుమొనను లాగితే పాలు రావు, పుండు పడుతుంది. పంపు పెట్టే ముందు గోరువెచ్చటి గుడ్డ ఒక నిమిషం వేస్తే చేపు తొందరగా వస్తుంది. ఫోన్‌లో పాప వీడియో చూస్తే కూడా వస్తుంది, అది ఉత్త మాట కాదు, చేపుకు కారణమైన ఆక్సిటోసిన్ బిడ్డను చూసినా విన్నా విడుదలవుతుంది.

పంపు_డాక్టర్
గరాటు సరిపోయినా పాలు తగ్గాయంటే మోటారును అనుమానించే ముందు వాల్వు చూడండి. డక్‌బిల్ వాల్వు అంటే సీసాలోకి దిగే ఆ తెల్లటి సిలికాన్ ముక్కు. పక్కల నుంచి మెల్లగా నొక్కి వదిలితే చీలిక పూర్తిగా మూసుకోవాలి. వెలుతురుకు పట్టి చూసినప్పుడు సందు కనిపించిందా, పని అయిపోయింది. రోజుకు మూడు నాలుగుసార్లు వాడేవాళ్లు నెల నుంచి రెండు నెలల లోపు మార్చాలి. కడిగేటప్పుడు బ్రష్‌ను దాంట్లో దూర్చకండి, చీలిక అక్కడే చిరుగుతుంది.

రెండోది గుండ్రటి డబ్బీలో ఉండే మెంబ్రేన్, పాలు గొట్టాల్లోకి పోకుండా ఆపేది. క్లోజ్డ్ సిస్టమ్ అంటే ఇదే. అంచు మడతపడితే ఒక వైపు మాత్రమే సక్షన్ తగ్గుతుంది. పరీక్ష తేలిక: రెండు వైపుల ట్యూబులూ మార్చి పెట్టండి. తక్కువ సక్షన్ కూడా వైపు మారితే ట్యూబు లోపం. అదే వైపున ఉండిపోతే వాల్వో మెంబ్రేనో. రెండు వైపులా తగ్గితే అప్పుడు మోటారు.

ట్యూబుల్ని కడగకండి. లోపల ఆవిరి చుక్కలు కనిపిస్తే పాలు తీయడం అయ్యాక ట్యూబు మాత్రం తగిలించి అయిదు నిమిషాలు మోటారు నడపండి, ఆరిపోతాయి. పాలే దూరితే, బూజు పడితే, కొత్తవి కొనండి.

ఆఫీసు బ్యాగులో రెండు వాల్వులూ ఒక మెంబ్రేనూ అదనంగా ఉంచుకోండి. ప్లగ్గు ఎక్కడ దొరుకుతుందో తెలియదు కాబట్టి బ్యాటరీ ఉన్న పంపైతే మేలు. ఉదాహరణకు స్పెక్ట్రాలో ఎస్1కు లోపల బ్యాటరీ ఉంటుంది, ఎస్2కు ఉండదు.

కడపక్క
వాల్వు మీద తెల్లగా పొడి పట్టినట్టుండాది. మాది బోరు నీళ్లు.

పంపు_డాక్టర్
అదే సున్నం. బోరు నీళ్లూ ట్యాంకర్ నీళ్లూ వాడే అపార్ట్‌మెంట్లన్నిట్లో ఇదే. ఆ పొర వల్ల చీలిక మూసుకోదు. సబ్బుతో కడగడానికి ఏ నీళ్లైనా ఫరవాలేదు, చివరిసారి తొలపడానికీ మరిగించడానికీ మాత్రం ఆర్వో నీళ్లు వాడండి. స్టీమ్ స్టెరిలైజర్ పళ్లెం గోధుమ రంగుకు మారితే తెల్ల వెనిగర్ ఒక వంతు, నీళ్లు రెండు వంతులు పోసి అరగంట ఉంచి కడిగేయండి.

నర్సక్క
కడగడం గురించి నేను చెబుతాను, ఎందుకంటే అశ్రద్ధ అంతా ఇక్కడే జరుగుతుంది. పాలు తగిలే ప్రతి భాగం ప్రతిసారీ కడగాలి. సింకులో పడేసి కడగకూడదు. సింకు అడుగున ఉండే సూక్ష్మక్రిములు పాలలో భేషుగ్గా పెరుగుతాయి. ఒక టబ్బూ ఒక బ్రష్షూ పంపుకోసమే విడిగా ఉంచండి. మొదట చల్లటి నీళ్లతో తొలిపి, తర్వాత వేడి సబ్బునీళ్లు, తర్వాత మళ్లీ తొలపడం, తర్వాత శుభ్రమైన గుడ్డ మీద గాలికి ఆరబెట్టడం. తువ్వాలుతో తుడవద్దు. తడిగా ఉన్నవి డబ్బాలో మూసి పెట్టొద్దు.

రెండు నెలల లోపు బిడ్డకూ, నెలలు తక్కువ పుట్టిన బిడ్డకూ రోజుకు ఒకసారి స్టెరిలైజ్ చేయాలి. విడదీసిన భాగాలు మునిగేలా నీళ్లు పోసి, మరగడం మొదలయ్యాక 5 నిమిషాలు. గిన్నె అడుగున ఒక గుడ్డ వేయండి, సిలికాన్ అడుగుకు తగిలితే వంకరపోతుంది.

వైట్‌ఫీల్డ్_బాలింత
ఆఫీసులో మూడుసార్లు తీస్తే మూడుసార్లు కడగడానికి వీలు కాదు. భాగాల్ని జిప్ కవరులో వేసి ఫ్రిజ్‌లో పెట్టి మళ్లీ వాడొచ్చని ఎక్కడో చదివాను.

పాలపిట్ట
చాలామంది అలాగే చేస్తారు. ఆరోగ్యంగా ఉన్న నాలుగైదు నెలల పాపకు ఇబ్బంది ఉండదు.

నర్సక్క
చాలామంది చేస్తారన్నది నిజమే, నేను మాత్రం చెప్పను. చల్లదనం క్రిముల్ని నెమ్మదింపజేస్తుంది, చంపదు. క్రోనోబాక్టర్ లాంటివి పసిపిల్లల్లో మెదడు పొరల వాపుకు దారితీస్తాయి. ఎక్కువగా కనిపించే జబ్బు కాదు, వస్తే మాత్రం ప్రాణాంతకం. నెలలు నిండకుండా పుట్టినవాళ్ల విషయంలో ఆ ఫ్రిజ్ పద్ధతి అసలొద్దు. దానికి బదులు మూడు జతల గరాటులూ వాల్వులూ కొనండి. వాడినవి ఒక కవరులోకి, శుభ్రమైనవి ఇంకో కవరులో. సాయంత్రం ఇంటికొచ్చాక మూడూ కలిపి కడగడం. ట్యూబులూ మోటారూ ఒకటే కాబట్టి ఖర్చు పెద్దగా కాదు.

పాలపిట్ట
అవును, మూడు జతలు ఉంటే ఆ చర్చే అక్కర్లేదు. ఒప్పుకున్నాను.

కూలింగ్‌బాబాయ్
ఫ్రిజ్‌ల పని చేసేవాణ్ని. సింగిల్ డోర్ ఫ్రిజ్ అని చదివి రాస్తున్నాను. ఫ్రీజర్‌లో ఆరు నెలలని అందరూ చెబుతారు. అది మైనస్ 18 డిగ్రీల దగ్గర ఎప్పుడూ నిలకడగా ఉండే, విడి తలుపున్న ఫ్రీజర్‌కు. సింగిల్ డోర్‌లో ఐస్ పెట్టె తలుపు పలుచటి ప్లాస్టిక్ ముక్క. పెద్ద తలుపు తీసిన ప్రతిసారీ వేడి తగులుతుంది. అందులో రెండు వారాలకు మించి ఉంచొద్దమ్మా, పైన చెప్పిన ఇరవై రోజుల లెక్క విడి ఫ్రీజర్ ఉన్నవాళ్లకే.

దానికంటే పెద్ద ప్రమాదం మధ్యలో ఉండే డీఫ్రాస్ట్ బటన్. మంచు పేరుకుందని ఎవరో నొక్కుతారు, తెల్లారేసరికి పాలన్నీ నీళ్లు. ఆ బటన్ మీద టేపు అంటించి పెట్టండి. డీఫ్రాస్ట్ చేయాల్సి వస్తే ముందు ప్యాకెట్లను ఐస్ ప్యాక్‌లతో ఐస్ బాక్సులోకి మార్చండి.

డబుల్ డోర్ ఉన్నవాళ్లు ఒకటి గమనించండి. ఇప్పటి ఫ్రిజ్‌లలో ఫ్రీజర్‌ను మామూలు ఫ్రిజ్‌గా మార్చే బటన్ ఉంటుంది. పిల్లలో పనివాళ్లో నొక్కితే పైకి తేడా తెలీదు. పాలు తలుపు అరల్లో పెట్టకండి, వెనక్కి, మధ్యలో పెట్టండి. ఫ్రాస్ట్ ఫ్రీ వాటిలో గోడకు ఆనించొద్దు, అక్కడ హీటరు తిరిగినప్పుడల్లా అంచులు మెత్తబడతాయి.

వైట్‌ఫీల్డ్_బాలింత
బాబాయ్ గారూ, కరెంటు పోతే? ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కానీ ఫ్రిజ్ దానిమీద లేదు.

కూలింగ్‌బాబాయ్
తలుపు తీయకుండా ఉంటే నిండుగా ఉన్న విడి ఫ్రీజర్ 48 గంటలు, సగం నిండినది 24 గంటలు చలి నిలుపుకుంటుంది. కింది ఫ్రిజ్ భాగం నాలుగు గంటలే. ఖాళీ ఉంటే నీళ్ల సీసాలు గడ్డకట్టించి నింపండి. కరెంటు సంస్థ బెస్కామ్ వాళ్లు మరమ్మతులకు పగలంతా కరెంటు తీసే రోజులుంటాయి. జనరేటర్ ఉన్న అపార్ట్‌మెంటైనా మీ ఇంట్లో ఏ ప్లగ్గుకు బ్యాకప్ ఉందో ఒకసారి ఫ్రిజ్ పెట్టి చూసుకోండి, కొన్ని చోట్ల లైట్లకూ ఫ్యాన్లకే ఇస్తారు.

ఊరికి వెళ్లేటప్పుడు ఒక చిన్న గిన్నెలో నీళ్లు గడ్డకట్టించి పైన రూపాయి బిళ్ల పెట్టి వెళ్లండి. వచ్చేసరికి బిళ్ల అడుగున ఉంటే మధ్యలో కరిగి మళ్లీ గడ్డకట్టిందని అర్థం, ఆ పాలు వాడొద్దు.

ఉగ్గుగిన్నె
వేళలు ఒకచోట రాస్తున్నాను. ఇవి నెలలు నిండి పుట్టి ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు.

అప్పుడే తీసిన పాలు గదిలో 25 డిగ్రీల లోపైతే 4 గంటలు. డిసెంబరు బెంగళూరుకు అది సరిపోతుంది, ఏప్రిల్ మధ్యాహ్నం 33, 34 ఉన్నప్పుడు సరిపోదు. ఎండాకాలం తీసిన వెంటనే చల్లబెట్టండి. ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర 4 రోజులు. ఐస్ ప్యాక్‌లున్న బ్యాగులో 24 గంటలు. విడి తలుపు ఫ్రీజర్‌లో ఆరు నెలల లోపు మేలు, 12 నెలల దాకా వాడొచ్చు. కరిగించిన పాలు ఫ్రిజ్‌లో 24 గంటలు, ఆ లెక్క పూర్తిగా కరిగినప్పటి నుంచి, బయటికి తీసినప్పటి నుంచి కాదు. బయట రెండు గంటల లోపు. మళ్లీ గడ్డకట్టించకూడదు. బిడ్డ నోరు పెట్టి వదిలిన సీసా రెండు గంటల్లో తాగించాలి, లేకపోతే పారబోయాలి. అందుకే ఒక్కో సీసాలో 60, 90 మించి పోయకండి. ఇంకా అడిగితే 30 కలుపుతారు.

వెచ్చగా ఉన్న కొత్త పాలను చల్లటి పాత పాలలో నేరుగా కలపొద్దు. ముందు ఫ్రిజ్‌లో చల్లబెట్టి తర్వాత కలపాలి, తేదీ మాత్రం పాత పాలదే వేయాలి.

ప్యాకెట్ల మీద ఉండే మి.లీ. గీతల్ని నమ్మకండి, సీసాలో కొలిచి పోయండి. పోయక ముందే తేదీ, కొలత రాయండి, నిండాక రాస్తే పెన్ను గుచ్చుకుంటుంది. పైన రెండు మూడు సెం.మీ. ఖాళీ వదలాలి, గడ్డకట్టేటప్పుడు వ్యాకోచిస్తాయి. గాలి తీసేసి జిప్ మూసి స్టీలు పళ్లెంలో బల్లపరుపుగా పడుకోబెట్టండి. గట్టిపడ్డాక ఆఫీసు ఫైళ్లలా ఒక డబ్బాలో నిలువుగా, పాతవి ముందుకి. పలచగా ఉంటే తొందరగా కరుగుతాయి కూడా.

కడపక్క
మా అత్త తల్లిపాలు గూడా ఆవుపాల మాదిరి కాగబెట్టాల్సిందే అంటాది. పైన మీగడ తేలితే విరిగిపోయినాయని పారబోసింది.

నర్సక్క
పారబోయడం అన్యాయమక్కా, అవి మంచి పాలు. తల్లిపాలు నిలవ ఉంటే కొవ్వు పైకి తేలుతుంది, అడుగున నీళ్లలా పలచగా కనిపిస్తుంది, కొన్నిసార్లు నీలంగా కూడా. సీసాను మెల్లగా గుండ్రంగా తిప్పితే కలిసిపోతాయి. తిప్పినా ముక్కలు ముక్కలుగా ఉండి పులుపు వాసన వస్తే అప్పుడు పాడైనట్టు.

కాగబెడితే పాపను జబ్బుల నుంచి కాపాడే రక్షక పదార్థాలు చాలావరకు చచ్చిపోతాయి. పెద్దావిడకు అలా చెప్పండి, ఆవుపాలలో క్రిముల కోసం కాగబెడతాం, ఇవి పాపకు రొమ్ము నుంచి పచ్చివిగా తాగడానికే ఉన్నవి అని. వేడి చేయాలంటే గిన్నెలో 40 డిగ్రీల దాకా వెచ్చటి నీళ్లు, అంటే చేయి పెట్టగలిగిన వేడి, అందులో సీసా అయిదు పది నిమిషాలు. మణికట్టు మీద చుక్క వేస్తే చల్లగానూ వేడిగానూ తెలియకూడదు. మైక్రోవేవ్ వద్దు, అక్కడక్కడా మరిగి నోరు కాలుతుంది. నీళ్లు, చక్కెర, తేనె ఏమీ కలపొద్దు. తేనె ఏడాది దాకా అసలు పెట్టొద్దు.

పాలపిట్ట
ఇంకొక సంగతి. కొందరి పాలు కరిగాక సబ్బు వాసన, లోహం వాసన వస్తాయి. పాడైనవి కావు. కొవ్వును విడగొట్టే లైపేజ్ ఎంజైము ఫ్రీజర్‌లో కూడా నెమ్మదిగా పని చేస్తుంది. కొందరు పిల్లలు పట్టించుకోకుండా తాగేస్తారు, కొందరు ఉమ్మేస్తారు. అందుకే మొత్తం 800 దాచేలోపే ఒక చిన్న ప్యాకెట్ వారం ఉంచి కరిగించి వాసన చూసి పాపకు పట్టి చూడండి. తాగకపోతే ముందు ముందు గడ్డకట్టించే పాలను తీసిన వెంటనే 82 డిగ్రీల దాకా, అంటే గిన్నె అంచు వెంట చిన్న బుడగలు వచ్చేదాకా, మరగనివ్వకుండా వేడి చేసి గబుక్కున చల్లబరిచి గడ్డకట్టించాలి. కాగబెడితే నష్టమని నర్సక్క చెప్పింది ఇక్కడా నిజమే, అందుకే పాప తాగనప్పుడు మాత్రమే. ఇప్పటికే వాసన వచ్చిన పాలకు ఇది పనిచేయదు.

వైట్‌ఫీల్డ్_బాలింత
ఆఫీసులో ఎన్నిసార్లు, ఎక్కడ? పాంట్రీ ఫ్రిజ్ అందరూ తెరుస్తూనే ఉంటారు.

పాలపిట్ట
మూడుసార్లు. పదిన్నర, ఒంటిగంటన్నర, నాలుగున్నర. పాప ఇంట్లో తాగే వేళలకు దగ్గరగా ఉంటే చాలు, నిమిషాలు లెక్క పెట్టకండి. క్యాలెండర్‌లో ఆ వేళలు ముందే బ్లాక్ చేయండి.

పాంట్రీ ఫ్రిజ్ మీద ఆధారపడొద్దు. ఐస్ ప్యాక్‌లు ముందు రాత్రి ఫ్రీజర్‌లో పెడితే 12 గంటలకు గట్టిపడతాయి. ఇన్సులేటెడ్ బ్యాగులో సీసాలకు నేరుగా ఆనేలా రెండు పక్కలా పెట్టండి. మధ్యలో గాలి ఉంటే చల్లబడవు. సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో గంటన్నర ఆగినా పాలకు ఏమీ కాదు. సీసాల మూతలు గట్టిగా బిగించి నిలువుగా పెట్టండి.

చట్టం కూడా తెలుసుకుని హెచ్‌ఆర్‌తో మాట్లాడండి. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టంలోనే బిడ్డకు 15 నెలలు నిండేదాకా మామూలు విరామం కాక రోజుకు రెండు నర్సింగ్ విరామాలున్నాయి. 2017 సవరణతో మొదటి ఇద్దరు పిల్లలకు సెలవు 26 వారాలైంది. అందులో ప్రసవానికి ముందు ఎనిమిది వారాలకు మించి తీసుకోకూడదు. 50 మంది, అంతకు పైన పనిచేసే చోట క్రెష్ (పసిపిల్లల్ని చూసుకునే చోటు) ఉండాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్లొచ్చు. 2025 నవంబరులో ఆ చట్టం స్థానంలో అమల్లోకి వచ్చిన 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఇవి అలాగే ఉన్నాయి. అడిగేటప్పుడు మెయిల్‌లో రాసి అడగండి: గడియ ఉన్న గది, కుర్చీ, ప్లగ్గు, చేతులు కడుక్కునే చోటు. బాత్రూములో పంపు పెట్టుకోమంటే ఒప్పుకోవద్దు. మనం తిండి బాత్రూములో తయారు చేయం.

జయనగర్_పెద్దమ్మ
మా అమ్మాయికి 31 వారాలకే కాన్పు అయింది. బాబు పసికందుల ఐసీయూలో (ఎన్ఐసీయూ) ఉన్నాడు. పాలు చుక్కలే వస్తున్నాయి. రెండో రోజు. ఏం చేయాలి తల్లీ?

నర్సక్క
పెద్దమ్మా, రెండో రోజు చుక్కలే రావాలి. అవి ముర్రుపాలు, ఒక్క చుక్క కూడా పోనివ్వొద్దు. చిక్కగా ఉంటాయి కాబట్టి మొదటి రెండు మూడు రోజులు పంపు గోడలకే అంటుకుపోతాయి. చేత్తో పిండి శుభ్రమైన 1 లేదా 2 మి.లీ. సిరంజితో చుక్క చుక్కా లాగి వార్డులో ఇవ్వండి. బాబు మింగలేకపోయినా నోటి లోపల పూస్తారు.

పంపు కూడా మొదలుపెట్టాలి. 24 గంటల్లో కనీసం ఎనిమిది సార్లు, రాత్రి ఒక్కసారైనా తప్పకుండా, నాలుగైదు గంటలకు మించి ఎడం రాకుండా. పాలు తయారు చేయించే హార్మోన్ ప్రొలాక్టిన్ రాత్రిపూట ఎక్కువగా ఉంటుంది. బాబు లాగడం లేదు కాబట్టి పాలు రావాలని ఒంటికి చెప్పేది పంపు ఒక్కటే. ఇలాంటప్పుడు ఆస్పత్రి స్థాయి డబుల్ పంపు అద్దెకు తీసుకోవడం మంచిది, బెంగళూరులో దొరుకుతాయి. రెండు వారాలకల్లా రోజుకు 500 మి.లీ. దాటేలా చూడాలి. తేదీ, వేళ, తల్లి పేరు రాసి ఐస్ బ్యాగులో తేవాలి. పైన చెప్పిన నిల్వ వేళలు మీ బాబుకు వర్తించవు, వార్డు వాళ్లు చెప్పిన వేళలే పాటించండి.

ఈలోగా చాలకపోతే డబ్బా పాలకంటే ముందు దాత పాలు అడగండి. వాణీ విలాస్ ఆస్పత్రిలో ప్రభుత్వ మిల్క్ బ్యాంకు ఉంది. దాతకు హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సిఫిలిస్ పరీక్షలు చేస్తారు, పాలను 62.5 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు పాశ్చరైజ్ చేస్తారు. వాట్సాప్ గ్రూపుల్లో దొరికే పాలు, అమ్మే పాలు తీసుకోవద్దు. తల్లిపాలు అమ్మకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2024 మేలో స్పష్టంగా చెప్పింది.

ఉగ్గుగిన్నె
పెద్దమ్మా, ఇంకోటి. బాబును ఛాతీకి చర్మం తగిలేలా కాసేపు పెట్టుకోవడానికి డాక్టరు ఒప్పుకున్న రోజు నుంచి, ఆ వెంటనే పంపు పెట్టించండి. అప్పుడు బాగా చేపుకొస్తాయి. వెల్లుల్లి, మెంతులు పెట్టండి, బాలింతకు బలమే. అయితే పాలు పెరిగేది రొమ్ము ఎన్నిసార్లు ఖాళీ అయిందన్న దాన్ని బట్టి. పథ్యం పేరుతో నీళ్లు తగ్గించొద్దు.

కడపక్క
కొలిచినా. 16 మి.మీ. ఉండాది. 17 ఇన్సర్టు తెప్పించినా, మంట లేదు. ఇంకొకటి, ఎడమ పక్క గడ్డ తగులుతాది, ముట్టుకుంటే నొప్పి. వేడి కాపడం పెట్టి గట్టిగా రుద్దమంటాండారు.

నర్సక్క
రుద్దొద్దు, గట్టిగా అసలొద్దు. లోపల వాపు పెరిగి దారులు ఇంకా మూసుకుంటాయి. పంపు కూడా మామూలుగా ఎన్నిసార్లో అన్నిసార్లే, అదనంగా వద్దు. గుడ్డలో చుట్టిన ఐస్ పది నిమిషాలు, బ్రా వదులుగా. నొప్పికి డాక్టరును అడిగి ఇబుప్రోఫెన్ లేదా పారాసిటమాల్. పాలివ్వడం ఆపొద్దు, ఆ పాలు పాపకు హాని చేయవు. 24 గంటల్లో తగ్గకపోయినా, జ్వరం వచ్చినా, ఎర్రగా పాకినా ఆ రోజే డాక్టరు దగ్గరికి. ఆలస్యమైతే చీము పడుతుంది.

వైట్‌ఫీల్డ్_బాలింత
అత్తయ్య సీసా పడితే పాప నాలుకతో తోసేస్తోంది.

ఉగ్గుగిన్నె
మీరు ఇంట్లో ఉంటే వాసన పట్టేస్తుంది, బయటికి వెళ్లండి. బాగా ఆకలి కాకముందే, హుషారుగా ఉన్నప్పుడు పట్టమనండి. నెమ్మదిగా కారే నిప్పిల్ వాడాలి. పాపను నిటారుగా కూర్చోబెట్టి సీసా అడ్డంగా పట్టుకుని, నాలుగైదు గుక్కలకు ఒకసారి కిందికి దించి ఆపాలి. 90 మి.లీ. తాగడానికి పదిహేను నిమిషాలు పట్టాలి. వెల్లకిలా పడుకోబెట్టి పోస్తే నాలుగు నిమిషాల్లో తాగేసి ఇంకా కావాలన్నట్టు ఏడుస్తుంది, అత్తయ్య ఇంకో సీసా తీస్తారు, మీ లెక్క తప్పుతుంది. సీసా ఎంతకీ పట్టకపోతే వదిలేయండి. ఉగ్గుగిన్నెతో పెట్టవచ్చు. గిన్నె ముక్కును పాప కింది పెదవికి ఆనించి, పాలు అంచు దాకా వచ్చేలా వంచి, పాప నాలుకతో అందుకునేదాకా ఆగాలి. గొంతులోకి పోయకూడదు.

వైట్‌ఫీల్డ్_బాలింత
ఒక్కటే మిగిలింది. శుక్రవారం ఆఫీసులో తీసినవి శని, ఆది పాప ఇంట్లో నా దగ్గరే తాగుతుంది కాబట్టి గడ్డకట్టించాలా?

పాలపిట్ట
అక్కర్లేదు. శుక్రవారం పాలు నేరుగా ఫ్రిజ్‌లో వెనక అరలో పెట్టండి, నాలుగు రోజుల లోపు కాబట్టి సోమవారం అత్తయ్య అవే పడతారు. మీ సింగిల్ డోర్ ఐస్ పెట్టెలో ఉన్న 400ను రెండు వారాలకోసారి మార్చాలి: ఒక శుక్రవారం కొత్తవి అక్కడ పెట్టి, పాతవి ఆదివారం రాత్రి కింది అరలోకి దించి సోమవారం వాడేయండి. శని, ఆదివారాలు పంపును ముట్టుకోకండి, పాపే తాగుతుంది.